దక్కన్ ఆబోహవా, ఢిల్లీ లష్కర్లు

వాతావరణాన్ని ఉర్దూలో ఆబోహవా అంటారు. ఆబ్ అంటే నీళ్లు, హవా అంటే గాలి. ఈ రెండూ కలిస్తేనే ఒక ముల్కు మిజాజ్ తెలుస్తుంది. కొత్త ఊరికి బదిలీ అయి వెళ్లి, జబ్బుపడి తిరిగొచ్చినవాళ్లను చూసి మా ఇళ్లల్లో పెద్దవాళ్లు "అక్కడి ఆబోహవా పడలేదు" అనేవాళ్లు. పాత తవారీఖ్ కితాబులు చదువుతుంటే నాకు ఈ మాటే మళ్లీ మళ్లీ గుర్తుకొస్తుంది. నాలుగు వందల ఏళ్ల పాటు ఢిల్లీ నుంచి, ఆగ్రా నుంచి దిగివచ్చిన లష్కర్ల షికాయత్ అంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతుంది. దక్కన్ ఆబోహవా వాళ్లకు పడలేదు.

ఒకసారి రైల్లో ఎదుటి సీటు పెద్దాయన నాతో చాలా మర్యాదగా మాట్లాడుతూ, "మీవాళ్లు ఇక్కడికి ఎప్పుడొచ్చారండీ?" అని అడిగారు. మా ఊరి పేరు చెప్పాను. "అది కాదు బాబూ, అసలు ఎక్కడి నుంచి?" అన్నారు. ఆయన మనసులో ఖోట్ ఏమీ లేదు. స్కూల్లో చదివిన పాఠమే ఆయనతో ఆ మాట అనిపించింది. ఉత్తరం నుంచి ముస్లింలు వచ్చారు, దక్షిణాన్ని జయించారు. పాఠం అంతే. అందులో అబద్ధం లేదు, కానీ అది ఒక పేజీ పాఠం. రెండో పేజీ తిప్పితే వచ్చే సవాళ్లు వేరే ఉన్నాయి. జయించినవాళ్లు నిలబడ్డారా? తర్వాత వాళ్ల మీదికి ఎవరొచ్చారు? ఓడిపోయినవాళ్లలో ఎవరెవరున్నారు? ఈ సవాళ్లకు జవాబు మజ్హబ్‌లో వెతికితే దొరకదు. రాళ్లలో, రేగడిలో, చెరువు కట్టల మీద వెతికితే కొంత దొరుకుతుంది.

దక్కన్ అనే లఫ్జ్ దక్షిణం నుంచే పుట్టింది. ప్రాకృతంలో దక్ఖిణ, ఫార్సీ రాసేవాళ్ల కలం కింద దకన్ అయింది. పీఠభూమికి ఉర్దూ మీడియం జుగ్రాఫియా పుస్తకాల్లో సత్హె ముర్తఫా అని రాసేవాళ్లు, అంటే ఎత్తుగా ఉన్న తలం. కానీ ఈ తలం సమంగా లేదు. పడమటి కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తిన బల్లలా ఉంటుంది. అందుకే అరేబియా సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టిన గోదావరి, కృష్ణ ఆ సముద్రానికి వీపు తిప్పి, పీఠభూమి అంతా నడిచి బంగాళాఖాతానికి వస్తాయి. ఆ పడమటి అంచు మీదే సహ్యాద్రి గోడలా నిలబడి ఉంది. జూన్‌లో సముద్రం మీంచి వచ్చే మబ్బులు ఆ గోడకు కొట్టుకుని అక్కడే కురిసేస్తాయి. కృష్ణ పుట్టే మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది. అక్కడి నుంచి వంద కిలోమీటర్లు తూర్పుకు వస్తే ఐదారు వందలకు దిగిపోతుంది. హైదరాబాద్‌లో సుమారు 800, అనంతపురంలో 550 అటూ ఇటూ. అదీ వస్తే! ఒక ఏడాది అంతా ఒకేసారి వచ్చి కట్టలు తెంపుతుంది, ఇంకో ఏడాది ముఖం చూపించి వెళ్లిపోతుంది.

రాయి కూడా రెండు రకాలు. మహారాష్ట్ర వైపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన నల్లరాయి. కాలం దాన్ని మెట్లు మెట్లుగా కోసింది. పైన చదును, పక్కలు నిలువు. ఖిలా కట్టడానికి మనిషి పని సగం ప్రకృతే చేసిపెట్టింది. మన తెలంగాణ వైపుది అంతకన్నా చాలా పాత గ్రానైట్, వందల కోట్ల ఏళ్లది. గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టుండే ఈ గుట్టలు నీళ్లను తాగవు, దాచుకోవు. వాన పడితే జారిపోతుంది. దాన్ని ఆపాలంటే రెండు గుట్టల మధ్య కట్ట వేయాలి. కాకతీయుల పాకాల, రామప్ప, లక్నవరం చెరువులన్నీ ఈ హిసాబ్ మీదే కట్టినవి.

ఇక మిట్టీ సంగతి. రేగడి నేల జొన్నకు అమ్మలాంటిది. వానాకాలంలో తాగిన నీళ్లను కడుపులో దాచుకుని, చలికాలంలో ఒక్క చినుకు పడకపోయినా పంటను పండిస్తుంది. కానీ అదే రేగడిలో వానల్లో బండి తోలి చూడండి. చక్రం ఇరుసు దాకా దిగుతుంది. ఫిరంగి అయితే ఇక లేవదు. ఎండాకాలంలో అదే నేల గుర్రం కాలు ఇరుక్కునేంత పగుళ్లు తేలుతుంది. కాబట్టి దక్కన్‌లో జంగ్‌కు ఒక మౌసం ఉండేది. దసరా దాటాక బయల్దేరాలి, మళ్లీ మిరుగు లోపు ఇల్లు చేరాలి. ఈ టైం టేబుల్ ఇక్కడి పిల్లవాడికి కూడా తెలుసు. ఢిల్లీ తఖ్త్ మీద కూర్చున్నవాడికి తెలియదు, తెలిసినా ఒప్పుకోడు.

1296లో అలాఉద్దీన్ ఖిల్జీ వింధ్య దాటి దేవగిరి మీద పడ్డప్పుడు ఇంకా సుల్తాన్ కాలేదు, కడా అనే చోట గవర్నర్. మామకు చెప్పకుండా వచ్చాడు. యాదవరాజు రామచంద్రుడి ఫౌజు పెద్ద భాగం కొడుకుతో బయట ఉంది. రాజు కొండ మీది ఖిలాలోకి వెళ్లి తలుపులు మూసుకున్నాడు. దేవగిరి ఖిలాను చూసినవాళ్లకు తెలుస్తుంది, దాన్ని నేరుగా ఎక్కి గెలవడం ముమ్కిన్ కాదు. కొండ పక్కల్ని గోడలా నున్నగా చెక్కేశారు. మరి ఎలా లొంగింది? ఫరిష్తా రాసిన కిస్సా ఒకటుంది. హడావుడిలో పైకి మోయించిన బస్తాలు ధాన్యమనుకున్నారు, విప్పి చూస్తే ఉప్పు. ఫరిష్తా మూడు వందల ఏళ్ల తర్వాతివాడు, కిస్సాలంటే అతనికి షౌఖ్ ఎక్కువ. అయినా ఖిలాను ఓడించింది ఆకలే అన్న విషయంలో నాకు షక్ లేదు.

ఓరుగల్లు కథ ఇంకా లంబా. 1303లో అలాఉద్దీన్ తూర్పు దారిన ఒక ఫౌజును పంపాడు. వానల్లో నలిగి, చేతులు ఊపుకుంటూ తిరిగెళ్లింది. 1309 చివర్లో మాలిక్ కాఫూర్ సరైన మౌసంలో వచ్చాడు. బయట మట్టి గోడ, లోపల రాతి గోడ, రెండింటి చుట్టూ కందకాలు. ఆ మట్టి గోడ ఇప్పటికీ వరంగల్‌లో కనబడుతుంది. ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ఖజానా ఇచ్చి సులహ్ చేసుకున్నాడు. ఏటేటా ఖిరాజ్ కడతానన్నాడు. కొన్నాళ్లు కట్టాడు, తర్వాత ఆపేశాడు. దూరం అలాంటిది మరి.

1321-22లో తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చాడు. ముట్టడి బాగానే నడుస్తోంది. ఇంతలో ఢిల్లీ నుంచి డాక్ రావడం ఆగిపోయింది. ఉత్తరాలు లేకపోయేసరికి లష్కర్‌లో అఫ్వా లేచింది, సుల్తాన్ చచ్చిపోయాడని. ఉబైద్ అనే షాయర్ ఒకడు ఈ అఫ్వాను బాగా ఊదాడని బరనీ రాస్తాడు. (షాయర్ల చేతిలో పని లేకపోతే ఇలాంటివే జరుగుతాయి.) సర్దార్లు ఎవరి దారిన వాళ్లు పోయారు, షహజాదా దేవగిరికి పారిపోయాడు. గోడలు, కందకాలు చేయలేని పనిని దారి పొడవు చేసింది. 1323లో అతనే మళ్లీ వచ్చి ఓరుగల్లు తీసుకున్నాడు. ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తీసుకెళ్తుంటే నర్మద ఒడ్డున చనిపోయాడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. నడిమధ్యన ఉన్న స్వయంభూ శివాలయం కూలింది. నాలుగు తోరణాలు ఇవాళా అక్కడే నిలబడి ఆ విషయానికి గవాహీ ఇస్తున్నాయి. దీన్ని దాచి చరిత్ర రాయకూడదు. దాచితే మనం రాసే మిగతా మాటలను ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

అయితే ఆ ఓరుగల్లు నుంచే ఇంకొక మనిషి ఢిల్లీకి వెళ్లాడు. ప్రతాపరుద్రుడి కొలువులో పనిచేసిన తెలుగువాడు, ఇస్లాం తీసుకుని మక్బూల్ అయ్యాడు. చదవడం రాయడం రాదట. కానీ ఫిరోజ్ షా తుగ్లక్ జమానాలో ఖాన్-ఎ-జహాన్ ఖితాబుతో మొత్తం సల్తనత్‌కే వజీర్ అయ్యాడు. సుల్తాన్ నెలల తరబడి జంగ్ మీద బయట ఉన్నప్పుడు ఢిల్లీని నడిపింది ఈ తిలంగానీయే. అతని మక్బరా ఢిల్లీలో నిజాముద్దీన్ బస్తీలో ఉంది. "అసలు ఎక్కడి నుంచి?" అని అతన్ని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేవాడో!

ఉలుగ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్. 1327లో దేవగిరిని దౌలతాబాద్ చేసి, ఢిల్లీ అమీర్లను, ఉలమాలను, సూఫీలను అక్కడికి తరలించాడు. పిచ్చి పని అని స్కూల్లో నవ్వించేవాళ్లు. నేను నవ్వలేను. దక్కన్‌ను ఢిల్లీ నుంచి ఏలలేమని మొదట గ్రహించిన సుల్తాన్ అతను. మర్జ్ సరిగ్గా పట్టాడు, దవా తప్పు వేశాడు. తర్వాత మఅబర్ మీదికి, అంటే తమిళ దేశం మీదికి, వెళ్తూ తిలంగ్ చేరేసరికి లష్కర్‌లో వబా పుట్టింది. ఏ రోగమో గానీ ఫౌజులో పెద్ద భాగం పోయింది, సుల్తాన్ కూడా మంచం పట్టాడు. మఅబర్ ఆశ వదిలి వెనక్కి తిరిగాడు. ఆ దారిలోనే బీడ్ దగ్గర అతని పన్ను ఒకటి ఊడితే దానికి మక్బరా కట్టించాడని చెబుతారు. బీడ్ దగ్గర గుట్ట మీద ఇప్పటికీ ఆ చిన్న కట్టడం చూపిస్తారు. దక్కన్‌లో తుగ్లక్ శాశ్వతంగా పాతుకున్నది ఆ పన్నొక్కటే అని నేనంటే హఠాత్తుగా నవ్వొస్తుంది గానీ, దాదాపు అదే నిజం. ఇటు తీరాంధ్రలో, ఓరుగల్లులో ముసునూరి నాయకులు లేచారు. అటు దౌలతాబాద్‌లో అతని సొంత అమీర్లే లేచారు. 1347లో వాళ్లలో ఒకడు హసన్ బహ్మన్ షా పేరుతో దౌలతాబాద్‌లోనే తఖ్త్ ఎక్కాడు.

నా లెక్కలో దక్కన్ ముసల్మాన్ల తారీఖ్ ఇక్కడ మొదలవుతుంది. అదీ ఢిల్లీ మీద బగావత్‌తో. స్కూలు పాఠంలో ఈ వాక్యం ఎందుకుండదో నాకు అర్థం కాదు.

దౌలతాబాద్‌కు ఈడ్చుకొచ్చినవాళ్లలో అందరూ తిరిగెళ్లలేదు. బుర్హానుద్దీన్ గరీబ్ అక్కడే ఉండిపోయారు, ఖుల్దాబాద్‌లో దర్గా. బందానవాజ్ గేసూదరాజ్ చిన్నపిల్లవాడిగా తల్లిదండ్రులతో దౌలతాబాద్ వచ్చి, మళ్లీ ఢిల్లీ వెళ్లి, తైమూర్ ఢిల్లీని చెరిచిన రోజుల్లో ముసలివయసులో తిరిగి దక్కన్‌కే వచ్చారు. గుల్బర్గాలో 1422లో కన్నుమూశారు. సుల్తాన్ల హుకుంతో వచ్చినవాళ్ల కంటే ఇలా తమంతట తాము వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ కాలం నిలిచారు.

బహ్మనీలు గుల్బర్గా నుంచి బీదర్‌కు రాజధాని మార్చారు. బీదర్ చూడనివాళ్లు ఒకసారి వెళ్లి చూడండి. ఎర్రటి లాటరైట్ రాయి కప్పిన ఎత్తైన చదును మీద ఊరు. ఆ రాయి కోసేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. చిల్లుల రాయి కాబట్టి వాననీళ్లు లోపలికి ఇంకుతాయి, కింద నల్లరాయి తగిలి ఆగుతాయి. నీళ్లు ఉన్నాయి, కానీ లోతులో. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లకు ఈ నక్షా తెలుసు. వాళ్ల ఎడారి ఊళ్లలో లాగే ఇక్కడా కారేజ్ తవ్వారు. అంటే భూమి కింద కొద్దిపాటి వాలుతో పోయే సొరంగం, మధ్య మధ్య గాలికీ పూడిక తీయడానికీ పైకి తెరిచిన బావులు. మోట అక్కర్లేదు, ఎద్దు అక్కర్లేదు, నీళ్లు తమంతట తామే నడిచి వస్తాయి. పూడిపోయిన ఆ సొరంగాలను ఈమధ్య మళ్లీ శుభ్రం చేశారు. సుల్తాన్ల ఫర్మానాలు ఎన్నో చెదలు తిన్నాయి, కారేజ్ మాత్రం ఉంది. మహమూద్ గవాన్ మదర్సా (1472) కూడా ఈ బీదర్‌లోనే. గీలాన్ నుంచి వచ్చిన ఆ వజీర్‌ను 1481లో నకిలీ ఉత్తరం చూపించి, సుల్తాన్ చేత్తోనే చంపించారు. దక్కనీలకూ ఆఫాకీలకూ, అంటే ఇక్కడివాళ్లకూ బయటివాళ్లకూ, మధ్య ఉన్న అదావత్ అది. ఇద్దరూ ముసల్మాన్లే. ముల్కీ, నాన్ ముల్కీ గొడవ మనకేమీ కొత్త కాదు!

బహ్మనీ సల్తనత్ ఐదు ముక్కలైంది. వాటి లోపలి లడాయిలు, 1565 తాళికోట అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. ఒక్క మాట. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా తఖ్త్ ఎక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు కవులు అతన్ని మల్కిభరాముడన్నారు. అతనే తర్వాత విజయనగరం మీదికి వెళ్లిన నలుగురిలో ఒకడు. హుస్సేన్ సాగర్ తవ్వింది అతని జమానాలోనే, 1562లో. ఒకే మనిషిలో ఇవన్నీ ఉన్నాయి. ఏ ఒక్కదాన్నీ తీసి పక్కన పెట్టలేం.

మొఘలులు వచ్చేసరికి దక్కన్‌కు తన సొంత జంగ్ విద్య తయారై ఉంది. దాన్ని పదును పెట్టినవాడు హబష్ దేశంలో పుట్టి, గులామ్‌గా చేతులు మారి వచ్చిన మాలిక్ అంబర్. 1600లో అక్బర్ ఫౌజు అహ్మద్‌నగర్ ఖిలా తీసుకుంది. కానీ ఖిలా చుట్టూ ఉన్న ముల్కు అంబర్ చేతిలో ఉండిపోయింది. మొఘల్ లష్కర్ అంటే నడిచే నగరం. ఫిరంగులు, ఏనుగులు, బజార్లు, డేరాలు. దానికి రోజూ గడ్డి కావాలి, నీళ్లు కావాలి, బంజారాల ఎద్దుల మీద ధాన్యం రావాలి. అంబర్ మరాఠా సవారులకు భీమా లోయలో పెరిగిన పొట్టి, గట్టి గుర్రాలుండేవి. ఎదురుపడి లడాయి చేయరు. గడ్డి కాలుస్తారు, రసద్ దోచుకుంటారు, మాయమవుతారు. దీనికి బర్గీగిరీ అని పేరు. 1624లో భాత్వడి దగ్గర అంబర్ ఇంకొక పని చేశాడు. చెరువు కట్ట తెంపి మొఘల్, బీజాపూర్ ఫౌజుల దారిని బురద చేశాడు. రేగడి తడిస్తే ఏమవుతుందో పైన చెప్పాను కదా. ఇక సర్దార్లను పట్టుకోవడమే మిగిలింది. జహంగీర్‌కు అతని మీద ఎంత గుస్సా అంటే, అంబర్ తలను బాణంతో కొడుతున్నట్టు తన తస్వీర్ గీయించుకున్నాడు. తస్వీర్‌లో తప్ప ఆ కోరిక తీరలేదు. అంబర్ 1626లో తన మంచం మీదే పోయాడు. అతను కట్టిన ఖడ్కీ ఊరే తర్వాత ఔరంగాబాద్ అయింది. దానికి నీళ్లు తెచ్చిన నహర్-ఎ-అంబరీ కూడా అతని పనే.

1630-32 కహత్ గురించి రాయకుండా ముందుకు పోలేను. వానలు పోయాయి, దాని మీదికి షాజహాన్ ఫౌజులు బుర్హాన్‌పూర్‌లో మకాం వేసి దక్కన్ మీద లడాయి నడుపుతున్నాయి. ముల్కులో ఉన్న కాస్త ధాన్యం, గడ్డి, బంజారాల ఎద్దులు లష్కర్ వైపు పోయాయి. పిండిలో ఎముకల పొడి కలిపి అమ్మారని, మనిషి మనిషిని తిన్నాడని బాద్షా ముఖ్య చరిత్రకారుడు అబ్దుల్ హమీద్ లాహోరీయే రాశాడు. బాద్షా ఖైరాత్ పంచాడని కూడా రాశాడు. 1631లో ముంతాజ్ బుర్హాన్‌పూర్‌లోనే ప్రసవంలో చనిపోయింది. ఆమె కోసం ఆగ్రాలో ఏం కట్టారో లోకానికంతా తెలుసు. అదే ఏడాది, అదే ఊరి చుట్టుపక్కల దారుల మీద పడిపోయినవాళ్లకు కబర్ కూడా లేదు.

ఇక ఆలంగీర్. ఈ పేరెత్తగానే ఒకవైపు గాలీలు, ఇంకోవైపు కసీదాలు మొదలవుతాయి. నాకు రెండింటితో పని లేదు. దక్కన్ వైపు నిలబడి చూస్తే ఔరంగజేబ్ ఒక ముసలి బాద్షా. 1681లో దక్షిణానికి వచ్చి, పాతికేళ్లు ఈ పీఠభూమి మీద తిరిగి తిరిగి, మళ్లీ ఢిల్లీ చూడకుండానే చనిపోయినవాడు. 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ. రెండూ ముస్లిం సల్తనతులే. గోల్కొండ మీద అతను మోపిన ఇల్జామ్‌లలో పెద్దది, హుకూమత్ అంతా మాదన్న, అక్కన్నల చేతిలో పెట్టారని. ఆ అన్నదమ్ములిద్దరినీ 1686లోనే గోల్కొండ గల్లీలో చంపేశారు. అయినా ఆలంగీర్ ఆగలేదు.

గోల్కొండ ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. కిందటి ఏడాది పంటలు లేవు, ఈ ఏడాది వానలు విరుచుకుపడ్డాయి. మంజీరా పొంగి రసద్ ఆగిపోయింది. మొఘలులు ఎత్తిన మట్టి దమ్‌దమాలు వానకు కరిగిపోయాయి. గోడ కింద బారూద్ పెట్టి పేలిస్తే అది వెనక్కి తన్ని సొంత సిపాయిలనే పాతిపెట్టింది. ఒక రాత్రి నిచ్చెనలు వేసి ఎక్కుతుంటే వీధికుక్క మొరిగి ఖిలావాళ్లను లేపింది. అబుల్ హసన్ తానాషా ఆ కుక్కకు బంగారు పట్టా వేయించాడట. ఖాఫీ ఖాన్ రాసిన ఈ కిస్సాను మా ఇళ్లల్లో పిల్లలకు ఇప్పటికీ చెబుతారు. ఆఖరికి సెప్టెంబర్‌లో లోపలి సర్దార్ ఒకడు లంచం తిని తలుపు తీశాడు. ఇరాన్ నుంచి వచ్చిన అబ్దుర్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో పడిపోయేదాకా తలుపు దగ్గర లడాయి చేశాడు. అతను ఎవరి మీద కత్తి ఎత్తాడు? ఎవరి కోసం? రైలు పెద్దాయన మళ్లీ కనబడితే ఈ సంగతి చెప్పాలనుకున్నాను. మొఘల్ సర్దార్లు మహల్‌లోకి వచ్చేసరికి తానాషా నిదానంగా భోజనం ముగించి, చేతులు కడుక్కుని వాళ్లతో నడిచాడని చెబుతారు. దౌలతాబాద్ ఖిలాలో ఖైదీగానే చనిపోయాడు.

ఖిలాలు వచ్చాయి, దక్కన్ రాలేదు. మరాఠాలు అంబర్ దారిలోనే, అంతకు పదింతలుగా లేచారు. ఆలంగీర్ ఒక్కో కొండ ఖిలా తీసుకుంటూ పోయాడు. కొన్ని లడాయి చేసి, చాలావరకు డబ్బిచ్చి. అతను దిగిపోగానే అవి మళ్లీ పోయేవి. 1702లో ఖేల్నా తీసుకుని, వానల్లో ఘాట్ దిగుతుంటే యాభై కిలోమీటర్ల దారికి నెలకు పైగా పట్టింది. ఏనుగులు వాగుల్లో కొట్టుకుపోయాయి. అంతకు రెండేళ్ల ముందు, 1700 అక్టోబర్ ఒకటో తారీఖు రాత్రి, మాన్ అనే చిన్న నది ఎండిన ఇసుకలో లష్కర్ డేరాలు వేసుకుని పడుకుంది. ఎగువన కొండల్లో ఎక్కడో వాన పడింది. అర్ధరాత్రి ఒక్కసారిగా వరద వచ్చింది. అరుపులు విని మరాఠాలు పడ్డారనుకుని, ఎనభై దాటిన బాద్షా చీకట్లో లేచి పరుగెత్తబోయి పడ్డాడు. మోకాలు తప్పింది. మిగిలిన బతుకంతా కుంటుతూనే నడిచాడు. తైమూర్ లంగ్ వారసత్వం వచ్చిందని దర్బారీలు ఖుషామద్ చేశారు. బీజాపూర్, గోల్కొండ, మరాఠాలు ఎవరూ చేయలేని పనిని ఏడాదిలో పది నెలలు ఎండి ఉండే వాగొకటి చేసింది.

భీంసేన్ అనే కాయస్థ ఉద్యోగి ఆ లష్కర్‌లోనే తిరిగి ఫార్సీలో తన జ్ఞాపకాలు రాశాడు. డేరాల్లో పుట్టి, డేరాల్లో పెరిగి, ఇల్లంటే ఏమిటో తెలియని ఒక తరం తయారైందని అతని బాధ. 1707లో ఆలంగీర్ అహ్మద్‌నగర్‌లో చనిపోయాడు. ఖుల్దాబాద్‌లో పైకప్పు లేని కబర్. జైలులో చనిపోయిన తానాషా కబర్ కూడా ఖుల్దాబాద్‌లోనే. గెలిచినవాడూ ఓడినవాడూ దక్కన్ సూఫీల పొరుగున ఒకే గుట్ట మీద ఉన్నారు.

ఆ తర్వాత వచ్చినవాడు తెలివైనవాడు. నిజాముల్ ముల్క్ ఆసఫ్ జా 1724లో శకర్ ఖేడా దగ్గర మొఘల్ సుబేదార్ ముబారిజ్ ఖాన్‌ను ఓడించి, ఢిల్లీకి సలాం చేస్తూనే దక్కన్‌ను సొంతం చేసుకున్నాడు. 1728లో పాల్ఖేడ్ దగ్గర బాజీరావు అతన్ని నీళ్లు లేని చోటికి నెట్టి లొంగదీసినప్పుడు ఈ నేల పాఠం అతనికీ ఒకసారి తగిలింది. కానీ పారిపోలేదు, నేర్చుకున్నాడు. ఆ ఖాందాన్ 1948 దాకా ఉంది.

1948 సెప్టెంబర్‌లో ఢిల్లీ నుంచి ఆఖరి ఫౌజు వచ్చింది. ఈసారి రోడ్లున్నాయి, ట్యాంకులున్నాయి, ఐదు రోజుల్లో అయిపోయింది. రజాకార్లు పల్లెల్లో చేసిన జుల్మ్ నిజం. దాన్ని చెప్పకుండా పోలీస్ యాక్షన్ గురించి మాట్లాడటం న్యాయం కాదు. ఆ తర్వాత మరాఠ్వాడా, గుల్బర్గా, బీదర్, ఉస్మానాబాద్ వైపు జరిగిన ఖత్లేఆమ్ కూడా నిజం. సర్కారే పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ రిపోర్ట్ అరవై ఏళ్లకు పైగా బయటికి రాలేదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లు, నేతగాళ్లు, చిన్న చిన్న నౌకర్లు. ఖిల్జీ లష్కర్‌తో వచ్చినవాళ్లా వీళ్లు? బహ్మనీ అయితేనేమి, కుతుబ్ షాహీ అయితేనేమి, ఎవరి దర్బారు గడపా తొక్కనివాళ్లు. వాళ్లను చంపినవాళ్ల నోట్లో కూడా రైలు పెద్దాయన సవాలే ఉండేది, మర్యాద మాత్రం లేకుండా.

పోయిన వానాకాలంలో నేను హిమాయత్ సాగర్ వైపు వెళ్లాను. 1908లో మూసీ వరద హైదరాబాద్‌లో వేల ప్రాణాలు తీశాక, నది పిచ్చిని పట్టి ఉంచడానికి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జమానాలో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. 1920, 1927. ఊరికి తాగే నీళ్లు కూడా అవే ఇచ్చాయి. అక్కడికి దగ్గర్లోనే కిస్మత్‌పూర్‌లో ఒక పాత మక్బరా ఉంది. ఖిలీచ్ ఖాన్‌ది. బుఖారా వైపు నుంచి వచ్చిన మొఘల్ సర్దార్, ఆలంగీర్ మనిషి. 1687లో గోల్కొండ మీదికి వచ్చి, ఖిలా నుంచి వచ్చిన ఫిరంగి గుండు తగిలి చెయ్యి పోగొట్టుకున్నాడు. హకీములు ఎముక ముక్కలు ఏరుతుంటే రెండో చేత్తో కాఫీ తాగుతూ కబుర్లు చెప్పాడట. కొద్ది రోజులకే పోయాడు. అతని మనవడే మొదటి నిజాం. గోల్కొండను తవ్వడానికి వచ్చి ఇక్కడే పడిపోయిన మనిషి ఖాందాన్, రెండు వందల ఏళ్ల తర్వాత అతని కబర్‌కు కాస్త దూరంలో గోల్కొండ కింది ఊరికి చెరువు తవ్వించింది. నేను వెళ్లిన రోజు గేట్లు ఎత్తారు. ఎవరో పిల్లలు కట్ట మీద నిలబడి మొక్కజొన్న కంకులు తింటూ నీళ్లు చూస్తున్నారు.